కొత్త చైనుకు పాత ఆది

వాన మొదలై మంచి పని చేసింది. లేకపోతే ఈ మోటారుసైకిలు వీధిలో ఉండేది, నేను దాని పక్కన గొంతుక్కూర్చుని ఉండేవాణ్ణి, దారిన పోయే ప్రతివాడూ ఆగి, ఏం మాస్టారూ, బట్టలు మానేసి బళ్ళు కుడుతున్నారా అని అడిగేవాడు, నేను పళ్ళికిలించి ఏదో ఒక సమాధానం వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. బండి ఇంట్లోకి వచ్చేసింది. ముందు గదిలో, అంటే నా కొట్లోనే, కుట్టు మిషనుకీ ఇస్త్రీ బల్లకీ మధ్య పాత దుప్పటి పరిచి దాని మీద పెద్ద స్టాండు వేశాం, వెనక చక్రం నేలకు తగలకుండా తేలి ఉంది. షట్టరు సగానికి దించాను. గాలి వస్తుంది, జల్లు రాదు, మొహాలు కనిపించవు. వీధిలో పోయేవాళ్ళు మోకాళ్ళ దాకానే కనిపిస్తున్నారు, నాకు అది చాలు, ప్యాంటు అంచు చూస్తే ఎవరు కుట్టారో చెప్పేస్తాను, అదిగో ఆ బూడిదరంగుది నాదే, నీళ్ళలో తడుస్తున్నా మడత చెడలేదు చూడండి, అది కుట్టిన రోజుల్లో నా చెయ్యి నాదిగానే ఉండేది. ఇంట్లో మా ఆవిడ గిన్నెలు కడుగుతోంది, చప్పుడు వినబడుతోంది, ఆదివారం కాబట్టి తొందర లేని చప్పుడు. నా చేతులకు నల్లటి రబ్బరు తొడుగులున్నాయి. అవి ఆమెవే, ఆఫీసులో ఇచ్చినవి. అవి వేసుకోకపోతే పానా ముట్టనివ్వనంది. వేసుకున్నాను. మాట వినడంలో ఇంత సుఖం ఉంటుందని ముందే తెలిసి ఉంటే పెళ్ళయిన కొత్తల్లోనే వినేవాణ్ణి.

రాత్రి నిద్ర పట్టింది. ఇది చిన్న విషయం కాదు. మొన్నమొన్నటి దాకా నిద్ర మధ్యలో లేచి కూర్చుని కుడిచేతిని విదిలించుకోవడమే నా పని. మణికట్టు నుంచి వేళ్ళ దాకా చీమలు బారులు తీరినట్టు ఉండేది, తర్వాత ఆ చీమలు కూడా విసుగెత్తి వెళ్ళిపోయాయి, బొటనవేలూ చూపుడువేలూ నడిమివేలూ ఎవరివో తెచ్చి నా చేతికి తగిలించినట్టు అయిపోయాయి. ఇస్త్రీపెట్టెకు వేలు ఆనితే నాకు తెలియలేదు, వాసన వచ్చింది, అదీ పక్కింట్లో కూర మాడిందేమో అనుకుని, పాపం ఆవిడకు మొగుడి చేత చీవాట్లు తప్పవనుకున్నాను. బ్యాంకు మేనేజరు గారి చొక్కా కాలర్లో గుండుసూది ఉండిపోయింది. ఆయన మర్నాడు వచ్చి ఆ చొక్కా బల్ల మీద పెట్టి, మెడ తడుముకుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ వారమే ఒప్పుకున్న గుడ్డలన్నీ ఎవరివి వాళ్ళకు తిప్పి ఇచ్చేశాం, మిషను మీద గుడ్డ కప్పేశాం. చేతి డాక్టరమ్మ మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి, నొక్కుకుపోయిన నరానికి చోటు చేసింది. నొప్పి పోతుంది, నిద్ర పడుతుంది, ఈ రెంటికీ నాది పూచీ, వేళ్ళకు స్పర్శ మాత్రం వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు, అది నరం ఇష్టం అంది. ఆమె పూచీ పడ్డ రెండూ జరిగాయి. నొప్పి పోయింది, నిద్ర వచ్చింది, పొద్దున్నే లేచి కాసేపు పక్కమీదే కూర్చుని, హమ్మయ్య, హమ్మయ్య అనుకుంటూ గోడ వంక చూస్తూ ఉండిపోయాను. మూడోదాని సంగతి నేను ఎవరినీ అడగలేదు. చేతినీ అడగలేదు. కుట్లు విప్పాక కూడా ఎడంచేత్తోనే తింటున్నాను, ఎడంచేత్తోనే గుండీలు పెట్టుకుంటున్నాను, కుడిచేతిని కొత్తల్లుడిలా ఒక పక్కన కూర్చోబెట్టి మర్యాద చేస్తున్నాను. ఏదో ఒకటి ముట్టుకుని చూస్తే తేలిపోతుంది. తేలిపోతుందనే ముట్టుకోవడం లేదు.

అసలు భయం ఎందుకు, కుర్చీ ఉందిగా. మా ఆవిడ పనిచేసే కరెంటాఫీసులో గేటు పక్కన కుర్చీ ఒకటి ఖాళీ అయింది. వచ్చేవాళ్ళను ఎవరు మీరు, ఎవరికోసం అని అడగాలి, బండి ఎక్కడ పెట్టాలో చూపించాలి, అంతే పని, వేళ్ళతో పనే లేదు, చూపించడానికి వేలు కావాలంటారా, చూపించడానికి స్పర్శ అక్కర్లేదు. మీ ఆయన్ని పంపించమ్మా, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పు అన్నాడట వాళ్ళ పెద్దసారు. రేపే సోమవారం. వస్తానంటే నేనిక దర్జీని కాను. చిన్నప్పుడు కత్తెర పట్టుకున్న రోజు నుంచి నేను ఇంకేమీ కాలేదు, ఇంకేమీ రాదు కూడా, లెక్కలు రావు, బండి నడపడం రాదు, గట్టిగా బేరమాడటం రాదు. ఆ కుర్చీ గురించి తలుచుకుంటే లేచి పారిపోవాలనిపిస్తుంది. అదే సమయంలో, నిజం చెప్పొద్దూ, అది ఉందన్న ధైర్యం కూడా ఉంది. చెయ్యి రాకపోయినా ఇంట్లో ఒక మూల పడి ఉండక్కర్లేదన్న ధైర్యం. రెండూ ఒకే కడుపులో ఎలా సర్దుకుంటాయో నాకు తెలియదు, సర్దుకున్నాయి. రేపు పొద్దున ఆమె బండి మీద కూర్చుని, ఏం చెప్పమంటావ్ బావా అని అడుగుతుంది. అడగడానికి బండి కదలాలి కదా. ముందు చైను సంగతి చూద్దాం.

మా ఆవిడది ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే ఉద్యోగం. ఆమె కాళ్ళు నేల మీద కన్నా ఈ బండి మీదే ఎక్కువసేపు ఉంటాయి. కొన్నాళ్ళుగా చైను వదులై గొణుగుతోంది, వదులైనప్పుడల్లా చక్రాన్ని కొంచెం వెనక్కి జరిపి బిగించుకుంటూ వచ్చింది, ఇక జరగడానికి చోటు లేదు. నిన్న సాయంత్రం ఎత్తుగా ఉన్న వంతెన ఎక్కుతుంటే చైను పళ్ళ మీంచి దూకి జారిపోయిందట, బండి నడిరోడ్డు మీద నిలబడిపోయిందట, వెనక వస్తున్న లారీవాడు బ్రేకు మీద లేచి నిలబడ్డాడట. అది చెబుతూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె భుజాలు, మోచేతులు, మోకాళ్ళు వరసగా చూసుకున్నాను, కొలతలు తీసేటప్పుడు చూసినట్టే, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. లారీవాడు ఎవరో తెలిస్తే జీవితాంతం ఊరికే చొక్కాలు కుట్టిపెట్టేవాణ్ణి అనబోయి నాలుక కరుచుకున్నాను. బండిని తోసుకుంటూ మెకానిక్ బక్కన్న దగ్గరికి వెళ్ళాం. పేరుకే బక్కన్న, బండి కింద దూరితే మళ్ళీ బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. కొట్టు కట్టేస్తున్నాడు, సరిపోయే చైను లేదన్నాడు, పెద్ద బండిది ఒకటుంది, కాస్త పొడుగు, తగ్గించుకుంటే చాలన్నాడు. నేను బిగిస్తాను అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఇన్నాళ్ళు ఆమె సంపాదించి తెస్తే కూర్చుని తిన్న నోరు, దానికదే అనేసింది. మా ఆవిడ నా వైపు చూసింది, వద్దనలేదు. బక్కన్న చైను కట్టరు చేతిలో పెట్టాడు. అది పిడికిలంత ఇనప పనిముట్టు, మర తిప్పితే చైనులో పిన్నును బయటికి తోస్తుంది. "లింకులు లెక్కచూసి తీసెయ్యన్నా," అన్నాడు. "కొలిచి కొయ్యడం నీకు నేర్పాలా ఏంటి?"

ఆ రెండో మాటే నా కొంప ముంచబోయింది. పొగడ్త చెవిన పడితే అంతకు ముందు చెప్పింది చెవిలోంచి జారిపోతుంది. పొద్దున్నే పాత చైను విప్పాను, కిరసనాయిలులో కడిగాను, తుడిచాను, అంతా ఎడంచేత్తోనే, కుడిచెయ్యి పట్టుకోవడానికి మాత్రం. తర్వాత దుప్పటి మీద దాన్ని నిలువుగా పరిచాను, దాని పక్కన కొత్తది పరిచాను, మొదళ్ళు రెండూ కలిపాను. ఎవరైనా కొత్త చొక్కా కుట్టించుకోవాలంటే పాత చొక్కా ఒకటి తెచ్చి బల్ల మీద పడేస్తారు, ఇదిగో ఆది అంటారు, నేను దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి సుద్దతో గీస్తాను, కత్తెర పెడతాను. ఇన్నేళ్ళు అదే చేశాను కాబట్టి ఇప్పుడూ అదే చేశాను. పాత చైను ముగిసిన చోట కొత్త చైను మీద సుద్దగీత పెట్టాను. పెట్టి, ఒక్క క్షణం ఆగి, లోపల కొంచెం గుడ్డ దాచుకుంటాం కదా, రేపు వాడు లావెక్కితే విప్పుకోవడానికి, అలా ఒక లింకు అటువైపు జరిపాను కూడా. ఎంత తెలివో. కట్టరు ఆ పిన్ను మీద ఆనించి మర బిగించాను. నిజంగా హాయిగా అనిపించింది. చాలా రోజులకు నా ముందు ఒక పొడుగాటి వస్తువుంది, దాన్ని నేను పొట్టి చెయ్యబోతున్నాను, నా వృత్తి మొత్తం అంతే కదా.

మర ఇంకో తిప్పు తిప్పబోతూ ఎందుకో చైన్ల మొదళ్ళ వైపు చూశాను. అక్కడ పిన్ను పక్కన పిన్ను, కవాతులో నిలబడ్డట్టు. కొంచెం ఇవతలికి వస్తే పాతదాని పిన్ను జానెడు దూరంలోనే కాస్త ముందుకు తూగింది. ఇంకా ఇవతలికి వస్తే సగం లింకు ముందుంది. ఇక నా సుద్దగీత దగ్గరికొచ్చేసరికి పాతది ఏకంగా రెండు లింకులు ముందుకు వచ్చేసింది. మా కటింగ్ మాస్టారు గుర్తొచ్చాడు. ఆయన దగ్గర పని నేర్చుకునేటప్పుడు నా పక్కవాడు ఒకడు ఆది ప్యాంటు పరిచి అచ్చం అలాగే గీసి కోసేశాడు, మోకాళ్ళ దగ్గర ఉబ్బులతో సహా. మాస్టారు ఆ ప్యాంటును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఒరే, పాత బట్ట మనిషి కొలత చెప్పదురా, వాడు ఎంతసేపు ఎలా కూర్చున్నాడో చెబుతుంది, వాడి కూర్చోవడానికి నువ్వు ప్యాంటు కుట్టావు అన్నాడు. మేమందరం పడీపడీ నవ్వాం. ఇప్పుడు నేను మా ఆవిడ తిరిగిన రోడ్లన్నిటికీ కలిపి చైను కోయబోయాను. ప్రతి పిన్ను దగ్గరా ఇంతింత అరిగి, అన్నీ కలిసి అంత సాగింది. కట్టరు మరను వెనక్కి తిప్పేశాను, ఇంకా పిన్ను కదల్లేదు, గీత కూడా పడలేదు. హమ్మయ్య. చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాను. వానకు గాలి చల్లగా ఉన్నా చెమట పట్టింది.

సరే సాగింది కదా, అందాజుగా రెండు మూడు లింకులు తగ్గించేద్దాం అని మళ్ళీ నా వృత్తి నాలో లేచి కూర్చుంది. పొడుగైతే ఇంకోసారి కోసుకోవచ్చు, పొట్టిదైతే దీన్ని ఎవరికి తొడగాలి? లెక్కే పెట్టాలి. నేను లెక్కపెట్టే మనిషిని కాను, కొలిచే మనిషిని. అయినా కూర్చున్నాను, పాత చైనును ఒళ్ళోకి తీసుకుని బొటనవేలితో ఒక్కో లింకునూ తోస్తూ మొదలుపెట్టాను. నలభై దాటాక ఒక లింకు జారిందో లేదో తెలియలేదు. వేలి కింద నుంచి ఏదో పోయింది, అది ఒకటా రెండా తెలియలేదు. రబ్బరు తొడుగు వల్ల అనుకోవచ్చు. అనుకున్నాను. అనుకుంటూనే లోపల ఇంకో గొంతు, తొడుగు వల్లేనా అని అడిగింది, దానికి సమాధానం చెప్పకుండా లెక్క పూర్తిచేశాను, రెండు కొసలనూ కలిపే లాకుతో సహా నూట ఏడు వచ్చింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎన్నొచ్చాయి బావా?"

"నూట ఏడు."

"బేసి సంఖ్య రాదుగా. ఒకటి లోపలిది, ఒకటి బయటిది, అన్నీ జతలే కదా. మళ్ళీ పెట్టు."

నేను మళ్ళీ పెట్టలేదు. చైను ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని దుప్పటి మీద పరిచి, వంగి, రెండేసి చొప్పున కళ్ళతోనే చదువుకుంటూ పోయింది, రోజంతా చీకటి మెట్ల కింద మీటర్ల అంకెలు చదివే కళ్ళవి, పెదాలు కూడా కదపదు. ఆమె పాపిడి నా ముక్కు కింద ఉంది, ఒక తెల్ల వెంట్రుక కొత్తగా వచ్చింది, నిన్న లేదు. బహుశా లారీవాడి ముందు నిలబడ్డప్పుడు వచ్చిందేమో. ఆమె ఈ బండి నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి, మైదానంలో నేను వెనక పట్టుకుని పరిగెత్తేవాణ్ణి, వదలకు బావా అని అరిచేది, నేను ఎప్పుడో వదిలేసి నడుం పట్టుకుని రొప్పుతూ నిలబడితే, వదలకు వదలకు అని అరుస్తూనే మైదానం చివరి దాకా వెళ్ళిపోయింది. నాకు నేర్పుతానని ఎన్నిసార్లో అంది, నేను వెనక కూర్చోవడంలో ఆరితేరాను, ఇప్పుడు వృత్తి మార్చుకోలేను అన్నాను. అప్పుడది హాస్యం.

"నూట ఎనిమిది, లాకుతో కలిపి," అంది నడుం నిలబెట్టి. కొత్తదాన్ని కూడా తనే లెక్కపెట్టి, ఆగాల్సిన చోట సుద్దతో అడ్డగీత పెట్టింది. నేను పెట్టిన గీతకూ దానికీ మధ్య దూరం చూసి కనుబొమ్మ ఒకటి ఎత్తి దించింది, దాన్ని చదవడానికి నాకు కళ్ళు చాలు. లోపలికి వెళ్ళిపోయింది.

కట్టరు బిగించాను. మర తిప్పుతుంటే మొదట మొరాయించింది, తర్వాత ఒక్కసారిగా టిక్కుమని లొంగింది, పిన్ను అవతలి వైపు నుంచి మెల్లగా తల బయటపెట్టింది. మిగులు ముక్క నా ఒళ్ళో పడింది. కోసేశాను. ఇక తిరిగి అతకడం లేదు, అయినా భయం వెయ్యలేదు, ఆమె లెక్క తప్పదు. చైనును ముందు పళ్ళచక్రం మీదుగా వెయ్యడానికి బక్కన్న అయితే మూత విప్పేవాడేమో, నేను మాత్రం ప్యాంటు నడుములో నాడా దూర్చినట్టు దూర్చాను, వంచిన తీగకు దారం కట్టి, ఆ చక్రం వెనక నుంచి అవతలికి పంపి, దారం చివర చైను కట్టి లాగాను. ఒక్కో లింకూ పళ్ళలో కూర్చుంటూ, సవ్వడి చేస్తూ, బుద్ధిగా వచ్చేసింది. మనసులో నన్ను నేనే భుజం తట్టుకున్నాను. వెనక చక్రాన్ని ముందుకు జరిపాను. రెండు కొసలనూ వెనక పళ్ళచక్రం మీదికి తెచ్చి ఆనించాను, పళ్ళు రెంటినీ చెరోవైపు పట్టుకున్నాయి. మధ్యలో ఒక్క లింకు ఖాళీ, సరిగ్గా ఒక్కటి, అటూ ఇటూ వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఆ ఖాళీని చూస్తే కొత్త చొక్కా వేసుకున్నవాడు అద్దం ముందు చేతులు ఎత్తి దించి, ఏమీ అనకుండా నవ్వినప్పుడు కలిగే సుఖం కలిగింది. ఆ సుఖం మర్చిపోయాననుకున్నాను.

ఖాళీలో లాకు పెట్టాలి. లాకు అంటే రెండు పిన్నులున్న చిన్న బిళ్ళ, అవతలి నుంచి దూర్చి, ఇవతల ఇంకో బిళ్ళ మూతలా వేసి, దాని మీద చేప ఆకారంలో ఉన్న క్లిప్పు తొయ్యాలి. చేప తోక తెరిచి ఉంటుంది, తల మూసి ఉంటుంది, చైను ఎటు పరిగెడుతుందో తల అటే ఉండాలి, తిరగేస్తే దారిలో ఏ రాయో తగిలి ఊడిపోతుంది. ఇంతా చేసి ఆ చేప నా చిటికెనవేలి గోరంత. తొడుగులతో అది కుదిరే పని కాదు. రెండు మూడుసార్లు ప్రయత్నించాను, క్లిప్పు ఉందో జారిందో చూసుకుంటే గానీ తెలియడం లేదు. తొడుగులు లాగేశాను. తెల్లగా, ఉబ్బి, ముడతలు పడి ఉన్నాయి వేళ్ళు, మణికట్టు మీద ఎర్రటి గీత, డాక్టరమ్మ కుట్టు బాగా వేసింది, నేనైతే ఇంకొంచెం దగ్గరగా వేసేవాణ్ణి. చెయ్యి వంక చూడకుండా పటకారు తీసుకున్నాను. దాన్ని ముట్టుకోవడం లేదు, పని చేస్తున్నాను, అది వేరు ఇది వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను. పటకారు ఒక దవడ పిన్నుకు, ఇంకోటి చేప తోకకు ఆనించి నొక్కాను. టప్. క్లిప్పు ఎగిరింది. గాల్లో ఒకసారి మెరిసింది, ఇస్త్రీ బల్ల కాలికి తగిలి, గచ్చు మీద గిరగిరా తిరుగుతూ వెళ్ళి కుట్టు మిషను కింద దూరిపోయింది.

"ఏమైంది?" లోపల్నుంచి.

"క్లిప్పు పోయింది. మిషను కిందికి."

"ఉండు, టార్చి తెస్తా. గెలకకు, ఇంకా లోపలికి పోతుంది."

అది లేకపోతే బండి లేదు. ఈ పూట బక్కన్న కొట్టు తెరవడు, రేపు పొద్దున ఆమె ఎలా వెళుతుంది? బోర్లా పడుకున్నాను. చెంప గచ్చుకు ఆనింది, చల్లగా ఉంది. మిషను కింద, కాలితో తొక్కే పలకకూ గోడకూ మధ్య, చూపు పోని సందు ఒకటి ఉంది, చీపురు కూడా పోదు. ఎడంచెయ్యి అందలేదు, భుజం అడ్డం వచ్చింది. ఇంకేమీ ఆలోచించకుండా కుడిచెయ్యి దూర్చాను. నూగు. మెత్తగా, దారప్పోగులూ దుమ్మూ కలిసి ఉండలు కట్టిన నూగు, ఏళ్ళ తరబడి మిషను రాల్చిన నూగు. దాన్ని పక్కకు తోశాను. ఒక సుద్దముక్క, ఒక మూల అరిగిపోయి నున్నగా ఉంది. దాన్ని పక్కకు తోశాను. ఒక కొక్కెం, చొక్కాలకు వేసేది కాదు, ప్యాంటు నడుముది, వెడల్పుగా ఉంది. తోశాను. గుండుసూది, తల ఇటుంది, మొన అటుంది, మొన వైపు నుంచి వేలు వెనక్కి తీసుకున్నాను. ఒక గుండీ, చొక్కాది, అంచు కాస్త లేచి ఉంది, మధ్యలో పల్లం, పల్లంలో కన్నాలు. నాలుగు.

వేలు అక్కడే ఆగిపోయింది.

నాలుగు కన్నాలు. చూపుడువేలి కొసతో ఒక్కోదాని మీదుగా వెళ్ళాను, ఒకటి, దాని పక్కన ఒకటి, కింద రెండు. వాటిలో ఒకదానికి ఇంకా దారం తునక ఉంది. ఉందా? ఉంది, గోటి కింద గరుగ్గా తగులుతోంది. నేను చూడలేదు. నా కళ్ళ ముందున్నది గోడ, గోడ మీద పాకుతున్న తేమ మరక. ఎవరూ చెప్పలేదు. సుద్ద అని ఎవరు చెప్పారు నాకు, కొక్కెం అని ఎవరు చెప్పారు, మొన ఎటుందో ఎవరు చెప్పారు? ఊపిరి బిగబట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుండీని పెట్టి తిప్పాను, అది తిరిగింది, అది తిరుగుతోందని నాకు తెలిసింది. పూర్తిగా పాత చెయ్యి కాదు, పల్చటి గుడ్డ చాటు నుంచి ముట్టుకుంటున్నట్టే ఉంది, నడిమివేలు ఇంకా మొద్దుగానే ఉంది. కానీ పల్చటి గుడ్డే. ఎప్పుడు వచ్చింది ఇది? నేను దాన్ని ఏమీ అడగకుండా, చూడకుండా, వెలివేసినట్టు ఒళ్ళో పెట్టుకు కూర్చున్న రోజుల్లో, ఎవరికీ చెప్పకుండా, ఇంత ఇంతగా వచ్చి ఉంటుంది. నవ్వొచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు అడ్డంగా ముక్కు మీదుగా కారి గచ్చు మీద పడ్డాయి.

మా ఆవిడ టార్చి వేసుకుని వచ్చింది. నేను బోర్లా పడి భుజాలు కదుపుతుంటే ఆమె గొంతు మారిపోయింది. "బావా! పడ్డావా? ఏమైంది, చెయ్యా?"

"టార్చి ఆర్పు."

"ఏంటి?"

"ఆర్పవే. ఇక్కడ గుండీ ఉంది. నాలుగు కన్నాలది. చూడు." బయటికి తీసి, తల తిప్పకుండానే వెనక్కి చాపాను. ఆమె తీసుకుంది. మళ్ళీ చెయ్యి దూర్చాను. "ఇది రెండు కన్నాలది, చిన్నది, ఆడవాళ్ళ జాకెట్టుది అయ్యుంటుంది." అది కూడా చాపాను. "ఇది కొక్కెం. ఇది తాళంచెవిలా ఉంది, మన బీరువాది కాదుగదా, నువ్వు పోయిందని నన్ను సాధించావే, అదే." ఆమె నా పక్కన గచ్చు మీద చతికిలపడింది, చీర తడి తగిలింది, ఆమె చెయ్యి నా వీపు మీద ఉంది. నేను ఒకదాని తర్వాత ఒకటి తీసి ఇస్తూ పోయాను, అవసరం లేకపోయినా, క్లిప్పు వేలికి తగిలాక కూడా దాన్ని పక్కన పెట్టి, ఇంకా వెతికి, సందు మొత్తం ఖాళీ చేశాను. చివరికి క్లిప్పు ఇచ్చాను. "ఇది చేప. ఇటు తల, ఇటు తోక."

లేచి కూర్చున్నాం. ఇద్దరి మొహాలూ చూడదగ్గట్టు లేవు. గ్రీజు చేత్తో కళ్ళు తుడుచుకున్నానేమో, ఆమె నా మొహం చూసి ఏడుపు మధ్యలో ఫక్కుమని నవ్వింది. నేను క్లిప్పు తీసుకుని బండి దగ్గర కూర్చున్నాను, ఈసారి పటకారు ముట్టుకోలేదు, చేప తలను ముందుకు పెట్టి బొటనవేలితో నెట్టాను, అది పిన్నుల గాడిలో జారి, కూర్చుంది. కూర్చున్న ఆ చిన్న దెబ్బ వేలికి తెలిసింది. చక్రం తిప్పాను. చైను ఎక్కడా ఆగకుండా, ఎక్కడా దూకకుండా, సన్నగా గుసగుసలాడుతూ తిరిగింది. చక్రాన్ని రెండు పక్కలా ఒకే గుర్తుకు జరిపి, కింది చైను వేలితో ఎత్తితే కొంచెం లేచేంత వదులు ఉంచి, నట్లు బిగించాను. బయట వాన తగ్గుతోంది. నేను చాలాసేపటి నుంచి అనాలనుకుంటున్న మాట అప్పుడు అన్నాను.

"రేపు మీ పెద్దసారుకి చెప్పెయ్. గేటు దగ్గరికి ఇంకెవరినైనా చూసుకోమని."

ఆమె గుండీలన్నీ ఒళ్ళో పోసుకుని ఏరుతోంది. తల ఎత్తలేదు. "చెప్పేశాను."

"ఎప్పుడు?"

"నీ కుట్లు విప్పిన రోజే."

ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా నేను ఆ కుర్చీలో ఎన్నిసార్లు కూర్చున్నానో, ఎన్నిసార్లు లేచి పారిపోయానో, దాన్ని తిట్టుకున్నదీ దాన్ని నమ్ముకున్నదీ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవాడివి? ఇక వేరే దిక్కు లేదని, ఆ చేతిని చూసి ఇంకా భయపడేవాడివి. కుర్చీ ఉందనుకుంటే కాస్త తిండి తింటావు, నిద్రపోతావు అనుకున్నా."

"ఒకవేళ చెయ్యి రాకపోతే?"

ఆమె అప్పుడు తల ఎత్తింది. "నేను రోజూ ఆ కుర్చీ పక్కనుంచే వెళ్తాను బావా. అందులో నిన్ను ఊహించుకున్నాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళో చేతులు పెట్టుకుని. నావల్ల కాలేదు. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాంలే అని చెప్పేశాను."

నేను ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చుని, సిగ్గు లేకుండా, వీధిలో ఎవరి మోకాళ్ళు ఆగినా లెక్కచెయ్యకుండా ఏడ్చాను. లేని కుర్చీని నమ్ముకుని ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాను, పక్కనే ఈ మనిషి ఒక్కతే మేలుకుని ఉంది.